యాత్రికులు వస్తారు సరే, ఊరికి ఏమి మిగులుతుంది?

(సాంఘిక శాస్త్రం, లెక్కలు కలిపి ఒక పాఠం)

అక్కలకు, చెల్లెళ్ళకు, నా తోటి నేస్తాలకు ఈ పాఠం రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉంది. నిలబడి చదవలేకపోతే సగం ఈరోజు, సగం రేపు చదవండి.

మన ఏజెన్సీకి చలికాలం వచ్చిందంటే మంచుతో పాటు కార్లు కూడా వస్తాయి. అరకు లోయ, బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి, లంబసింగి, వంజంగి కొండ, ఇవన్నీ చూడడానికి ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. విశాఖపట్నం నుండి అరకుకు సొరంగాలలోంచి వచ్చే రైలు మార్గం కలదు. 2017లో ఆ రైలుకు పెద్ద అద్దాల పెట్టె కూడా తగిలించారు. వలిసె పూలు పూసినప్పుడు పొలం గట్ల మీద ఫొటోలు దిగేవాళ్ళతో రోడ్డు నిండిపోతుంది. ఇంతమంది వస్తున్నారు కదా, మరి మన ఊళ్ళు ఎందుకు అలాగే ఉన్నాయి? ఇదే ఈ పాఠంలోని ప్రశ్న.

1. బాధ్యత గల పర్యాటకం అనగా నేమి?

చూడడానికి వచ్చేవారికి బస, తిండి, దారి చూపడం, బండి సమకూర్చి డబ్బు తీసుకోవడాన్ని పర్యాటక వ్యాపారం అంటారు. అది మూడు షరతులకు లోబడి జరిగితే బాధ్యత గల పర్యాటకం అనవచ్చును.

అ) వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆ ఊళ్ళోనే నిలవాలి.
ఆ) ఎవరు రావాలి, ఎంతమంది రావాలి, ఎక్కడికి పోకూడదు అని చెప్పే మాట ఊరిదే కావాలి.
ఇ) అడవి, నీళ్ళు, దేవుళ్ళు, ఆడపిల్లలు, పిల్లల చదువు చెడకూడదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ఒట్టి వ్యాపారమే. మనల్ని చూపించి వేరేవాళ్ళు చేసుకునే వ్యాపారం.

2. కుండకు చిల్లి: ఒక లెక్క

చిల్లి కుండలో ఎన్ని నీళ్ళు పోసినా ఏమి లాభం? డబ్బు కూడా అంతే. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక కుటుంబం ఒక రోజు ఉండి 4,000 రూపాయలు ఖర్చు పెట్టింది. గదికి 2,000, తిండికి 1,000, గైడుకు, డాన్సుకు 400, సరుకులు కొనడానికి 600.

మొదటి పద్ధతి: బయటివాళ్ళ లాడ్జిలో దిగారు. గది ఊడ్చిన మన అక్కకు కూలి 200. హోటలుకు బియ్యం, కోళ్ళు అన్నీ కింద నుండి లారీలో వస్తాయి. మన కూరగాయలకు 100. మధ్యవాడు తీసుకోగా గైడుకు, థింసా ఆడినవాళ్ళకు అందరికీ కలిపి 200. షాపులో బొమ్మలు పట్నం నుండి తెచ్చినవే, మన వెదురు బుట్టకు 100. మొత్తం 600 రూపాయలు. అంటే నూటికి 15.

రెండవ పద్ధతి: ఊళ్ళో ఒకరింట్లో దిగారు. గది డబ్బులో దుప్పట్లు, సబ్బు, కరెంటుకు 400 పోతే 1,600 నిలిచింది. తిండిలో నూనె, ఉప్పు, పప్పు బయట కొన్నవి 400 పోతే 600 నిలిచింది. గైడు ఊరివాడే, 400 మొత్తం నిలిచింది. మిరియాలు, పసుపు, రాజ్మా, బుట్టలు మనవే, 600 నిలిచింది. మొత్తం 3,200. అంటే నూటికి 80.

వచ్చింది అదే కుటుంబం, పెట్టింది అదే 4,000. తేడా 2,600 రూపాయలు. ఇవి నేను పాఠం కోసం వేసుకున్న అంకెలు. మీ ఊరిలో అంకెలు మారతాయి, కానీ లెక్క వేసే పద్ధతి మారదు. ప్రతి రూపాయి వెనకాల పడి "నువ్వు ఎటు పోతున్నావు" అని అడగాలి, అంతే.

3. భూమి ఎవరిదో మాట వాళ్ళది

లాడ్జి కట్టాలంటే భూమి కావాలి. మన షెడ్యూల్డు ప్రాంతంలో భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. దానిని 1970లో గట్టిగా సవరించారు. దాన్నే అందరూ 1/70 అంటారు. దీని ప్రకారం ఏజెన్సీలోని భూమిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు. అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం, బహుమతిగా ఇవ్వడం కూడా బదిలీయే. గిరిజనుడికి ఇవ్వవచ్చు, లేదా సభ్యులందరూ గిరిజనులే అయిన సహకార సంఘానికి ఇవ్వవచ్చు. ఈ చివరి ముక్క అందరూ మర్చిపోతారు. మనకు కావలసింది అదే.

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన బొర్రా పంచాయతీ గనుల కేసు నుండే పుట్టింది. ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని అందులో చెప్పారు. బొర్రా అంటే గుహలు అని లోకానికి తెలుసు. బొర్రా అంటే ఒక తీర్పు అని మనకు తెలియాలి.

అలాగే 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభకు బలం ఇచ్చింది. ఏజెన్సీలో అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు ఊరిని అడగాలి అని అందులో ఉంది.

ఇన్ని చట్టాలు ఉన్నా బినామీ అనే దొంగదారి ఒకటి ఉన్నది. పట్టా మనవాడి పేరు మీద ఉంటుంది, పెత్తనం బయటివాడిది. మా ఊరికి కూడా ఒకాయన వచ్చాడు. రోడ్డు పక్క భూమిలో టెంట్లు వేస్తాను, పేరు మీదే ఉంటుంది, సంతకం పెడితే చాలు అన్నాడు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. అందుకని ఆ కాయితం నా చేతికి ఇచ్చి చదవమన్నారు. నేను పైకి చదివాను. అందులో 30 సంవత్సరాలు అని రాసి ఉంది. నీళ్ళ ఊట కూడా వాడుకుంటాం అని రాసి ఉంది. ఆ మాట ఆయన నోటితో చెప్పలేదు. మా తాత "30 ఏళ్ళు అంటే ఈ పిల్లకి 44 వస్తాయి" అన్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఇంకా సంతకం పెట్టలేదు. పండగ సెలవుల్లో మళ్ళీ కూర్చుంటారు. కొంతమంది అప్పులున్నవాళ్ళు, వాళ్ళకు డబ్బు కావాలి, వాళ్ళను తిట్టి లాభం లేదు. వద్దు అని చెప్పడం సులువే, మరి ఏం చేద్దాం అని కూడా చెప్పాలి కదా. అందుకే ఈ పాఠం కూర్చుకున్నాను.

4. చేసి చూపించిన ఊరు: ఖొనోమా

నాగాలాండ్ రాష్ట్రంలో కొహిమా పట్నానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఖొనోమా అనే ఊరు కలదు. అక్కడ ఉండేవారు అంగామీ నాగాలు. వాళ్ళూ మనలాగే కొండ మీద వ్యవసాయం చేసేవాళ్ళు, వేట ఆడేవాళ్ళు. వేట ఎక్కువై ట్రాగోపాన్ అనే అందమైన అడవికోడి జాతి పక్షి తగ్గిపోసాగింది. అది ఆ రాష్ట్ర పక్షి. 1998లో ఊరి పెద్దల మండలి కూర్చుని సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని పక్షుల కోసం విడిచిపెట్టింది. ఊరి భూములన్నింటిలో వేట మానేశారు, తప్పితే జరిమానా. మొదట్లో చాలామందికి ఇష్టం లేదట. వేట వాళ్ళకు తాతల నాటి పని కదా.

తరువాత ఆ అడవిని, పక్షులను, మెట్ల పొలాలను చూడడానికి జనం రాసాగారు. వచ్చినవాళ్ళు ఊరికి ప్రవేశ రుసుము కడతారు, ఊరి గైడును తీసుకుంటారు, ఊరి ఇళ్ళల్లో దిగుతారు. 2005లో ఖొనోమాకు దేశంలో మొదటి హరిత గ్రామం అని పేరు వచ్చింది. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ముందు అడవి బాగుపడింది, తరువాత యాత్రికులు వచ్చారు. హోటలు ముందు కట్టలేదు. ఇంకొకటి, రాజ్యాంగంలోని 371ఎ అధికరణం వల్ల నాగాలాండ్‌లో భూమి మీద హక్కు ఆ ప్రజలదే. మనకు 1/70 ఉన్నట్టు వాళ్ళకు అది ఉన్నది. భూమి చేతిలో ఉంది కాబట్టే నిబంధన పెట్టగలిగారు.

మన తెలుగు నేల మీద మారేడుమిల్లిలో కూడా అటవీశాఖవారు, వన సంరక్షణ సమితులు కలిసి నడిపే బసలు ఉన్నాయి. కాబట్టి ఇది మనవాళ్ళకు రాని పనేమీ కాదు.

5. మొదలుపెట్టే విధానము

మొదటి మెట్టు: గ్రామసభలో అందరూ ఒప్పుకోవాలి. ఒక్క ఇల్లు వద్దన్నా వాళ్ళ మాట వినాలి, ఎందుకు వద్దంటున్నారో రాసుకోవాలి.

రెండవ మెట్టు: నీళ్ళు చూసుకుని మనుషులను లెక్కపెట్టాలి. ఎండాకాలంలో ఊట ఎన్ని బిందెలు ఇస్తుంది? ఊరికి ఎన్ని కావాలి? మిగిలినదానిని బట్టే యాత్రికులు. మరుగుదొడ్డి లేకుండా ఒక్కరిని కూడా దించకూడదు.

మూడవ మెట్టు: రెండు మూడు ఇళ్ళతో ఒక చలికాలం చేసి చూడాలి. అప్పు చేసి గదులు కట్టకూడదు. ఉన్న ఇల్లే అలికి, ముగ్గేసి శుభ్రంగా ఉంచితే చాలు. చోడి అంబలి, బొంగులో చికెన్, కందికూర మనకు చేతనైనవే.

నాలుగవ మెట్టు: వంతు పెట్టాలి. మన హాస్టల్లో వడ్డన వంతు ఎలాగో అలాగే. ఈ వారం ఈ ఇల్లు, వచ్చే వారం ఆ ఇల్లు. లేకపోతే రోడ్డు పక్క ఇంటికే అందరూ పోతారు, కొండ మీద ఇల్లు చూస్తూ ఉండిపోతుంది.

ఐదవ మెట్టు: రూపాయిలో 10 పైసలు ఊరి నిధికి. పైన లెక్కలో 4,000కు 400 అవుతుంది. ఒక చలికాలంలో 30 కుటుంబాలు వస్తే 12,000. ఊట పైపు బాగుచేసుకోవచ్చు. లెక్క పుస్తకం రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలి.

ఆరవ మెట్టు: కుదిరాక గిరిజన సహకార సంఘంగా రిజిస్టరు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, ఒక మనిషి పేరు మీద వద్దు.

6. ఎదగడం అంటే మంది పెరగడమా?

20 మంది వచ్చి ఒక రాత్రి ఉన్నారు. ఇంకోచోట 10 మంది వచ్చి రెండు రాత్రులు ఉన్నారు. గది డబ్బు ఒకటే. కానీ రెండవ చోట కార్లు సగం, దుప్పట్లు ఉతుకుడు సగం. పైగా రెండో రోజు ఖాళీగా ఉంటారు కాబట్టి కాఫీ తోట చూస్తారు, మిరియాలు కొంటారు, అవ్వ చెప్పే కథ వింటారు. అందుచేత మందిని పెంచకుండా రోజులు పెంచడం మేలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ కాసిన తోటలోనే దాన్ని తాగించగలిగేది మనమే. ఇంకా ఎక్కువమంది అడిగితే పక్క ఊరికి పంపాలి. మన ఊళ్ళో గదులు పెంచేకంటే పక్క ఊరు కూడా బతకడం మంచిది.

7. చేయకూడనివి

శంకుదేవుడి దగ్గరికి చెప్పులతో, కెమెరాలతో పోనివ్వకూడదు. సీసాలు, ప్లాస్టిక్ తెచ్చినవాళ్ళు తిరిగి పట్టుకెళ్ళాలి. సారా అమ్మకూడదు. అడగకుండా ఆడవాళ్ళ ఫొటో తీయకూడదు. థింసా మన పండగ ఆట. మోరి, కిరిడి, తుడుము మోగితే మనమే ఆడతాము. అన్నం తినే వేళ పిలిచి ఆడమంటే ఆడము. ఆడినప్పుడు కూలి ముందే మాట్లాడుకోవాలి, ఆడినవాళ్ళ చేతికే ఇవ్వాలి.

వంట, ఊడుపు, నీళ్ళు మోయడం అన్నీ అమ్మలే చేసి డబ్బు నాన్నల చేతికి పోతే అది కూడా చిల్లే. ఆడవాళ్ళ కూలి ఆడవాళ్ళ ఖాతాలో పడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నవంబరు, డిసెంబరు నెలల్లో మన హాజరు పట్టీ చూడండి. సీజను ఉందని ఇంటికెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లు కనిపిస్తాయి. ఒకరు చికెన్ బొంగులు కాలుస్తారు, ఒకరు చెల్లిని ఎత్తుకుంటారు. పదిహేను రోజులు అనుకుంటారు, పరీక్ష పోతుంది. బడి ఉన్న రోజుల్లో పిల్లలతో పని చేయించకూడదు అని ఊరి నిబంధనల్లో మొదటిదిగా రాయాలి. లెక్క పుస్తకం రాయడానికి రేపు ఊళ్ళో చదువుకున్న పిల్ల ఉండాలి కదా!

అభ్యాసము

1. మీ ఊరికి వచ్చిన యాత్రికులు ఏయే వస్తువులు కొన్నారు? అవి ఎక్కడ తయారైనవి?
2. మీ ఊరి ఊట మండు వేసవిలో ఒక గంటకు ఎన్ని బిందెలు నింపును? కొలిచి రాయుము.
3. 5,000 రూపాయలలో ఊళ్ళో 1,250 నిలిచిన, నూటికి ఎంత?
4. కౌలు కూడా బదిలీయేనా? ఏ నిబంధన ప్రకారము?
5. మీ ఊరికి అయిదు నిబంధనలు రాయుము. ఇంట్లో పెద్దలకు చదివి వినిపించి, వాళ్ళు వద్దన్నవి కొట్టివేయుము, చెప్పినవి చేర్చుము.

అయిదవ ప్రశ్నకు జవాబులు సెలవుల తరువాత తీసుకురండి. వార్డెన్ మేడంగారు ఒప్పుకుంటే వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా ఒక్కొక్కటి రాసి అంటిద్దాము.

— 9వ తరగతి విద్యార్థిని