ఫోన్ లాక్కోనని ముందే మాటివ్వండి

తరగతి పిల్లలంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి ఫొటోని ఎవరో స్టిక్కర్ చేస్తారు. రంగు మీదో, లావు మీదో, నత్తి మీదో ఒక మాట తగిలిస్తారు. రాత్రి పదింటికల్లా క్లాసంతా దాన్ని తిప్పుతూ నవ్వుతుంటుంది. బడిలో ఏడిపించినా ఇంటికొస్తే తెరిపి ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు ఆ నవ్వు మంచం దాకా వస్తోంది. పక్క గదిలో ఉన్న అమ్మానాన్నలకు మాత్రం తెలియదు.

పిల్లలు చెప్పకపోవడానికి పెద్ద కారణం, చెబితే ఫోన్ పోతుందన్న భయం. నోట్సులూ స్నేహాలూ అన్నీ అందులోనే ఉన్న వయసులో అది తమకే పడే శిక్ష. అందుకే ఏ గొడవా లేని రోజునే చెప్పి ఉంచండి: "ఎవరైనా ఏడిపిస్తే నాకు చెప్పమ్మా. ఫోన్ తీసుకోను. నీతో అనకుండా బడికి వెళ్లను. నీకు ప్రమాదమనిపిస్తే ఊరుకోను గానీ, అదీ నీకు చెప్పే చేస్తాను." ఫోన్ సంగతి కన్నా, చెప్పకుండా బడికి వెళ్లననే మాట నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకోండి.

చెప్పిన రోజున "ముందు నువ్వేమన్నావ్?" అని అడగకండి. "ఆ మాత్రానికేనా" అనీ అనకండి. పూర్తిగా వినండి. తర్వాత పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. కోపంలో చాట్ అంతా చెరిపేస్తే రేపు చూపించడానికేమీ మిగలదు. తిరిగి తిట్టొద్దు. బ్లాక్ చేస్తే క్లాసులో నిలదీస్తారని బెదిరే పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్‌లో 'రిస్ట్రిక్ట్' ఉంది: పిల్ల పోస్టు కింద వాళ్లు రాసే కామెంట్ వాళ్లకే కనిపిస్తుంది, ఆపేశారన్న కబురు వాళ్లకు అందదు. ఆపైన పిల్లతో కలిసే క్లాస్ టీచర్ దగ్గరకు వెళ్లండి. అవతలి తల్లిదండ్రులతో గేటు దగ్గర వాదనకు దిగితే మరునాడు ఆ భారం మళ్లీ పిల్ల మీదే పడుతుంది.

మార్ఫింగ్ చేసిన నగ్న చిత్రాల్లాంటివైతే దారి వేరు. వాటిని సాక్ష్యంగానైనా కాపీ చేయకండి, బంధువులకు పంపకండి. పిల్లల అశ్లీల చిత్రాలను పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం. అకౌంట్ పేరు, లింకు రాసుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పద్దెనిమిదేళ్లలోపు వారి కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. చిత్రం మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. ఆ గుర్తును బట్టి ఇందులో చేరిన సంస్థలు తమ దగ్గరున్న కాపీలను వెతికి తీసేయగలవు.

ఇక నవ్విన పిల్లల మాట. ఏడిపించడాన్ని ఆపడానికి ఫిన్లాండ్ బడుల్లో నడిచే 'కివా' కార్యక్రమం, చుట్టూ చేరి చూసేవాళ్ల మీదే ప్రధానంగా దృష్టి పెడుతుంది, ఏడిపించేవాడికి బలం వాళ్ల నవ్వే కాబట్టి. మన పిల్లలు ఎక్కువసార్లు ఉండేది ఆ గుంపులోనే. ఎదురు నిలవమంటే భయపడతారు. స్టిక్కర్ ముందుకు పంపకుండా ఉండగలరు. "రేపు నా పక్కన కూర్చో" అని ఆ పిల్లకు విడిగా ఒక మెసేజ్ పెట్టగలరు. ఇంట్లో మేనకోడలి రంగు మీద మనం వేసే జోకులు మానితే ఈ మాట వాళ్ల చెవికెక్కుతుంది. స్టిక్కర్ చేసింది మన అబ్బాయే అయితే కొట్టకండి, వెనకేసుకురాకండి. పక్కన కూర్చుని తీయించండి, తప్పు తనదేనని ఆ గ్రూపులోనే రాయించండి. ముఖాముఖి క్షమాపణ మాత్రం ఆ పిల్ల ఇష్టపడితేనే.

తిండి మానేసినా, బడంటే కడుపునొప్పి అంటున్నా, ఫోన్ మోగగానే ఉలిక్కిపడుతున్నా కనిపెట్టండి. బతకాలని లేదంటే నాటకమనుకోకండి, ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్ల మాట్లాడనంటే మీరే చేసి అడగండి.