పాత ఇల్లు - పసిపిల్లల కాపురం

ఇల్లు కట్టుట కష్టమనుకొంటాము గాని, ఒకరు కట్టిన ఇంటిని చెడగొట్టక సరిచేసుకొనుట అంతకంటె కష్టం. ఫ్రాన్సు దేశపు మార్సెయ్ నగరంలోని ఒక భవనాన్ని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలింతము.

చండీగఢ్ నిర్మాణం ద్వారా మనకు పరిచితుడైన లె కార్బూజియే దీనిని 1947-52 మధ్య నిర్మించాడు. ఇందులో 337 ఇళ్లు కలవు. సాధారణంగా ఒక్కొక్క ఇంటి వెడల్పు 3.66 మీటర్లు, గదుల ఎత్తు 2.26 మీటర్లు మాత్రమే. 2016లో యునెస్కో ఈ భవనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇట్టి ఇంట పసిపిల్లలతో దిగిన దంపతులకు అడ్డుగోడలు తీసివేయాలని తోచుట సహజం. అయితే ఆ అడ్డు ఎందుకున్నదో ముందుగా తెలుసుకొనవలె. పిల్లల గదులు రెండూ సన్నగా, పొడవుగా పక్కపక్కనే ఉంటాయి. నడుమ ఉన్నది పక్కకు జరిపే పలక. మూస్తే రెండు గదులు, తెరిస్తే ఒక ఆటస్థలం. దానిపై సుద్దతో వ్రాసుకొనవచ్చును కూడా. పిల్లలచేత గోడలపై గీతలు మాన్పించుట తరము కాదని శిల్పి గ్రహించాడు కాబోలు! ఆ పలకను పెరికివేస్తే రెండేళ్లపాటు విశాలంగానే ఉంటుంది. ఒకరు చదువుకొనుచుండగా మరొకరు నిద్రపోవలసిన వయస్సు వచ్చిన నాడు మరల గోడ కట్టించుకొనవలసినదే.

వంటగది రూపకల్పనలో షార్లోట్ పెరియాన్ పాత్ర కలదు. అది చిన్నదే, అయినా వంట చేయువారు భోజనపు బల్ల దగ్గరి పిల్లలను కనిపెట్టి ఉండునట్లు అమర్చబడినది. ఇరుకుగా ఉన్నదని పలువురు దానిని తీసివేశారు. అట్టి వంటగది ఒకటి న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం సేకరణలో చేరినది! ఆనాడు ఐసుగడ్డను నడవలో నుండియే లోపలి పెట్టెలో వేసేవారు. నేటి కుటుంబానికి ఫ్రిజ్ తప్పదు. ఫ్రిజ్ తెచ్చుకొనుటలో దోషం లేదు. పాత పెట్టెను సామానుల అరగా వాడుకొనవచ్చునని మా అభిప్రాయం.

కరెంటు తీగలు, నీటి గొట్టాలు పాతబడితే సంకోచం లేక మార్చవలసినదే. పిల్లలున్న ఇంట వాటిని చరిత్ర పేరిట నిలుపుట అవివేకం. భవనపు వెలుపలి రూపం మాత్రం చట్టపు రక్షణలో ఉన్నది కనుక అనుమతి లేనిదే దానిని తాకరాదు.

లోపల ఏదైనా తీయక తప్పనిచో, ముందుగా కొలతలు వ్రాసి, ఫోటో తీయవలె. తీసిన పలకలకు, పిడులకు వరుస సంఖ్యలు వేసి, చెమ్మ తగలనిచోట భద్రపరచవలె. తరువాత దిగువారు కోరినచో వాటిని మరల బిగించుకొనగలరు.