ఎనిమిదొందల బండి ఇంజను నేర్పిన పాఠాలు

మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. తయారీ ఆగింది 2014 జనవరిలో. అయినా మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, షెడ్లకు వస్తూనే ఉన్నాయి. నా చేతులు ఎక్కువగా ఆ ఇంజన్ల మీదే అరిగాయి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు పనికొస్తాయని నాలుగు మాటలు రాస్తున్నాను.

1. ముందు ఇంజను లెక్క తెలియాలి. సిలిండర్లు మూడు. బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72, మొత్తం 796 సీసీ. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. ఉన్నవే మూడు కాబట్టి ఒక్కటి మిస్సయినా మూడో వంతు బలం పోతుంది, బండి ఒళ్ళంతా ఊగుతుంది.

2. ఏదీ విప్పకముందు ప్లగ్గులు తీసి, ఏ సిలిండరుది ఏదో తెలిసేలా వరసగా గుడ్డ మీద పెట్టండి. లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుంది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది. నూనె తడి ఉంటే రింగులో, వాల్వ్ సీళ్ళో అరిగాయి. ఒక్క ప్లగ్గే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండరుదే. సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

3. ఈ ఇంజనును చంపేది వేడి. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. హద్దు దాటితే హెడ్డు వంగుతుంది, గాస్కెట్ కాలుతుంది. ఆయిల్ మూత లోపల మజ్జిగ నురగలా తెల్లగా పేరుకుంటే, రేడియేటర్లో బుడగలు ఆగకుండా వస్తుంటే, ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ పోకపోతే అనుమానం గాస్కెట్ మీదే. "గాస్కెట్ మార్చి ఇచ్చెయ్యి" అంటాడు ఓనరు. ఒప్పుకోకండి. హెడ్డు మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి చూడండి. వంపు ఉంటే ఫేసింగ్ చేయించాల్సిందే. లేకపోతే కొత్త గాస్కెట్టూ నిలవదు.

అసలు ఎందుకు వేడెక్కిందో పట్టుకోకపోతే ఆ పనంతా దండగ. ఫ్యాన్ తిరుగుతోందా? పాత కార్బొరేటరు బండైతే థర్మో స్విచ్ వైర్లు నేరుగా కలిపి చూడండి. తిరిగితే మోటారు మంచిదే, పోయింది స్విచ్చే. రేడియేటర్లో బోరు నీళ్ళు పోసి పోసి సున్నం పట్టించిన బళ్ళు ఎన్నో. కూలెంటు మరుగు స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని పీకేసే అలవాటు మాత్రం నాకు ససేమిరా నచ్చదు. ఇంజను కావలసిన వేడికి త్వరగా రాదు. మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయండి, తీసి పారేయకండి.

4. కార్బొరేటరు జెట్లలో తీగ గుచ్చకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే చాలు. అంతకుముందు ఎయిర్ ఫిల్టరు, వాక్యూమ్ పైపులు చూడండి.

5. టైమింగ్ బెల్టు చెప్పి తెగదు. బండి తక్కువ తిరిగినా రబ్బరు వయసు ఆగదు. ఆయిల్ సీలు కారి బెల్టు తడిస్తే బెల్టుతో పాటు సీలూ మార్చండి.

6. ఐడిలింగులో కాస్త వణుకు మూడు సిలిండర్ల ఇంజనుకు సహజం. ఆ మాట ఓనరుకు చెప్పండి. వణుకు కొత్తగా పెరిగితే మాత్రం మౌంటింగులు చూడండి.

7. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత బండి రబ్బరు పైపులూ, ఫ్యూయెల్ పంపు డయాఫ్రమూ దానికోసం చేసినవి కావు. సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ పైపులు వంచి చూడండి. పగుళ్ళు కనిపిస్తే అప్పటికప్పుడే మార్చండి. పెట్రోలు కారితే పోయేది బండి ఒక్కటే కాదు.

8. ఇది నడిపేవాళ్ళకు. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే, ఇల్లు దగ్గరే కదా అని లాగించకండి. పక్కన ఆపి ఇంజను కట్టేయండి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయకండి.