చిగురుకు డిజిటల్ అచ్చు

లేత ఆకునూ, పంటి మొదలును పట్టి ఉంచే మెత్తని కండనూ తెలుగులో చిగురు అనే అంటాము. రెండూ సుకుమారమైనవే. కృత్రిమ దంతమూలాన్ని అమర్చే వైద్యునికి ఈ సౌకుమార్యమే పరీక్ష.

1965లో స్వీడన్ దేశస్థుడు బ్రోనెమార్క్ తన తొలి రోగి దవడ ఎముకలో టైటానియం మూలాలను నిలిపినాడు. ఆ లోహంతో ఎముక గట్టిగా కలిసిపోతుంది. అయితే లోహమూలం గుండ్రనిది. సహజదంతపు మెడ అట్టిది కాదు. అందుచేత ముందుగా తాత్కాలిక దంతాన్ని తొడిగి, దాని చుట్టూ చిగురును కొన్ని వారాలపాటు తీర్చిదిద్దుతారు.

చిక్కు ఆ తరువాతనే. కొలతకై తాత్కాలిక దంతాన్ని తీయగానే, ఆధారం తప్పిన చిగురు నిమిషాలలోనే కుంగనారంభిస్తుంది. అచ్చుముద్ద దానిని మరింత అణచవచ్చు. నోటి స్కానరు తాకకుండానే చిత్రిస్తుంది. కాని ఆలస్యమైతే అదీ కుంగిన రూపాన్నే చూస్తుంది.

దీనికి ఉపాయం మూడు చిత్రాలు. తాత్కాలిక దంతం నోటిలో ఉండగా ఒకటి. దానిని తీసి, మూలం తావును తెలిపే గుర్తును బిగించి మరొకటి. బయట ఆ దంతాన్ని అన్నివైపులా తిప్పుతూ ఇంకొకటి. కంప్యూటరు వీటిని ఒకటిగా కలుపుతుంది. చిగురును తీర్చిన దంతమే దానికి అచ్చు గనుక, చిగురు కుంగినా రూపం దక్కుతుంది.

రూపం తప్పితే కొత్త దంతం చిగురును నొక్కవచ్చు. లేదా సందులో ఆహారం నిలిచి వాపు, క్రమంగా ఎముకకు నష్టం కలుగవచ్చు. తుక్కుగూడ నుండి నగరానికి పోయి, కూడబెట్టిన సొమ్ముతో పన్ను కట్టించుకొనే వానికి ఇది చిన్న నష్టం కాదు.

విద్యార్థులారా! యంత్రం ఎంత సూక్ష్మమైనదైనా, దేనిని ఎప్పుడు కొలవాలో నిర్ణయించేది మానవ వివేకమే.