తొలి గ్రాము బంగారం

బెంగళూరులో గ్రాము బంగారు నాణెం కొనడానికి ఇప్పుడు గడప దాటనక్కర్లేదు. ధన్‌తేరస్, అక్షయ తృతీయ వచ్చాయంటే స్విగ్గీ ఇన్‌స్టామార్ట్, బ్లింకిట్, జెప్టో, బిగ్‌బాస్కెట్ వంటి యాప్‌లలో కూరగాయలతోపాటు నాణేలూ కనిపిస్తాయి. ఒక తరం కిందట ఇదే నగరంలోని తెలుగు కుటుంబాలు బంగారం కోసం చిక్కపేటకో, నగర్తపేటకో, అవెన్యూ రోడ్డుకో వెళ్లేవి. కాసు కొనాలా, అరకాసుతో సరిపెట్టాలా, ఏ కొట్లో కొనాలి అన్నవి అమ్మానాన్నలు, అమ్మమ్మలు తేల్చే సంగతులు. ఎవరికోసం కొంటున్నారో ఆ పిల్లకు అందులో మాట ఉండేది కాదు. ఇప్పుడు ఆ నిర్ణయం పదిహేను, పదహారేళ్ల పిల్లల దాకా వచ్చింది. డబ్బు కూడబెట్టడం, ధర అర్థం చేసుకోవడం, తొందరను ఆపుకోవడం, మనసులో మాట ఇంట్లో చెప్పడం, కొన్నదాన్ని కాపాడుకోవడం: ఒక్క చిన్న వస్తువుతో ఇన్ని నేర్చుకోవచ్చు. యాప్ వేగానికి వదిలేస్తే మాత్రం వీటిలో ఒక్కటీ నేర్వకుండానే నాణెం చేతికి వచ్చేస్తుంది.

మొదట చట్టం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ మొహొరీ బీబీ కేసులో తేల్చింది. కలకత్తాలో ఒక మైనరు తన ఆస్తిని తాకట్టు పెట్టగా వచ్చిన వివాదం అది. అయితే డబ్బు దాచుకోవడానికి అంత వయసు అక్కర్లేదు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే దారి తెరిచింది. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో, పెద్దవాళ్లు పెట్టిన పరిమితికి లోబడి, వాళ్ల ఖాతా నుంచి ఇంట్లో మరొకరు చెల్లించవచ్చు. కాబట్టి సొమ్ము పిల్లలదే అయినా ఆర్డరు, బిల్లు తల్లిదండ్రుల పేరు మీద ఉండడమే క్షేమం.

దీన్ని అడ్డంకిగా చూసే పిల్లలు ఉంటారు. నిజానికి ఈ కొనుగోలులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. నాన్న ఫోను తీసుకుని, ఓటీపీ చూసుకుని, ఆ మెసేజ్ చెరిపేసి కొన్న నాణెం ఎంత మేలిమిదైనా నేర్పేది దాపరికాన్నే. "నేను కూడబెట్టుకున్న డబ్బుతో గ్రాము కొనుక్కుంటాను నాన్నా" అని ఎదుట నిలబడి అడగడానికి ధైర్యం కావాలి. వద్దంటే ఎందుకు వద్దో వినడానికి ఓర్పు కావాలి. జీతం సంగతో, పెళ్లి సంగతో మాట్లాడవలసిన రోజున ఆ రెండూ మళ్లీ పనికొస్తాయి.

ఇక డబ్బు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం ధర దేశంలో తొలిసారి లక్ష రూపాయలు తాకింది. ఆ తర్వాత అంతకుమించి పెరిగింది. పండుగలకు పెద్దలు చేతిలో పెట్టిన నోట్లు, మిగుల్చుకున్న పాకెట్ మనీ, వేసవిలో పక్కింటి చిన్నపిల్లలకు లెక్కలు చెప్పగా వచ్చినది కలిపినా గ్రాముకు సరిపడా సొమ్ము చేరడానికి నెలలు పడుతుంది. ఈలోగా ధర ఇంకొంచెం జరిగిపోవచ్చు. అప్పుడు అరగ్రాము నాణేనికి దిగడం తెలివైన పని. స్నేహితుడి దగ్గర అప్పు చేసో, తర్వాత చెల్లించే వాయిదా పద్ధతిలోనో గ్రామే కొంటాననడం మొండితనం.

నెలల తరబడి ఆగగల శక్తి పిల్లలకు ఎక్కడినుంచి వస్తుంది? స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివర మొదలుపెట్టిన ప్రయోగాలు ప్రసిద్ధమే: ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా కాసేపు ఆగితే రెండోది ఇస్తామని పసిపిల్లలకు చెప్పారు. ఆగినవాళ్లు తర్వాతి జీవితంలో బాగా రాణించారన్న మాట బాగా వ్యాపించింది. 2018లో ఇంకా పెద్ద సమూహంపై జరిగిన పరిశీలనలో, కుటుంబ స్థితిగతులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. వ్యక్తిత్వ వికాసం మీద రాసేవాళ్లు ఈ రెండో సంగతిని తరచుగా వదిలేస్తారు, అది సరికాదు. ఇంతకన్నా ఉపయోగపడే పరిశోధన 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అక్కడ మిఠాయి పెట్టడానికి ముందు కొందరు పిల్లలకు బొమ్మలు వేసుకునే మంచి సామగ్రి తెస్తామని చెప్పి తెచ్చారు, మరికొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న పెద్దల ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు; మాట తప్పినవాళ్ల ఎదుట 3 నిమిషాలే. ఓర్పు పిల్లల గుణమే అయినా దానికి వేరు పెద్దల మాటలో ఉంది.

గ్రాము విలువ గ్రహించడానికి బెంగళూరు పిల్లలకు దగ్గరలోనే ఒక చోటు ఉంది. నగరానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులు భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగాయి. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు తరాలుగా అక్కడ పనిచేశాయి. చివరి దశలో టన్ను రాయిని పిండిచేస్తే దక్కేది కొద్ది గ్రాములే. గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

కొనే ముందు చూడవలసినవాటిలో మొదటిది మేలిమి. 999 అని ఉంటే వెయ్యి పాళ్లలో 999 పాళ్లు బంగారమని, అది 24 క్యారెట్లని అర్థం. 916 అంటే 22 క్యారెట్లు. యాప్‌లలో రెండు రకాల నాణేలూ అమ్ముతారు, బొమ్మలో రెండూ ఒకేలా మెరుస్తాయి. నగలకు 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దానిపై ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) కూడా ఉండాలి, ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మేలిమి నాణెం విషయంలో బీఐఎస్ లైసెన్సున్న శుద్ధి కర్మాగారం లేదా టంకశాల దాన్ని తయారుచేసిందా అన్నది ముఖ్యం. అలాంటి నాణేల్లో ప్రభుత్వం 2015 నవంబర్ 5న విడుదల చేసిన ఇండియా గోల్డ్ కాయిన్ ఒకటి; దానికి ఒకవైపు అశోకచక్రం, మరోవైపు గాంధీ బొమ్మ ఉంటాయి.

రెండోది ధర. ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోవాలి. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము బంగారం 10,000 రూపాయలనుకుందాం. తయారీకి, ప్యాకింగుకు అమ్మకందారు 500 కలిపితే 10,500. దానిపై 3 శాతం జీఎస్టీ 315. చెల్లించేది 10,815. మర్నాడే అమ్మబోతే వచ్చేది బంగారం ధర మాత్రమే, చాలా కొట్లలో దానిలోనూ కొంత కోత ఉంటుంది. అంటే పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే బంగారం 8 శాతానికి పైగా పెరగాలి. నాణెం ఎంత చిన్నదైతే ఈ అదనపు ఖర్చు వాటా అంత పెద్దది. బ్యాంకులు నాణేలు అమ్ముతాయి గాని తిరిగి కొనవు. ఒక్క లాభమే లక్ష్యమైతే గ్రాము నాణెం సరైన సాధనం కాదు. ఈ మాట పిల్లలకు కొనకముందే తెలియాలి.

పది రూపాయలతోనూ కొనవచ్చునని ఊరించే డిజిటల్ గోల్డ్ ఇంకో దారి. అది తమ నియంత్రణలో లేదని, అందులో చిక్కు వస్తే తమ రక్షణ వర్తించదని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబర్ 8న ప్రజలను హెచ్చరించింది. మైనర్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక తొందర. "ఇంకా రెండు నిమిషాలే" అని గడియారం తిరిగే ప్రకటన, వాట్సాప్‌లో వచ్చిన సగం ధర లింకు, రెండూ ఆలోచించే వ్యవధిని లాగేసుకుంటాయి. నచ్చిన నాణేన్ని కార్టులో ఉంచి ఒక రాత్రి నిద్రపోయి లేచాక కొనాలన్న నియమం ఒక్కటి పెట్టుకున్నా చాలా తప్పులు తప్పుతాయి. మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. వస్తువులో తేడా ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ప్యాకెట్టు విప్పేటప్పుడు వీడియో తీయడం, బరువు, మేలిమి, వరుస సంఖ్య బిల్లుతో సరిపోయాయా అని చూడడం తప్పనిసరి. లోపలి సీలు చింపితే చాలామంది అమ్మకందారులు నాణేన్ని వెనక్కి తీసుకోరు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకుండా ఉండగలగడం కూడా ఈ వయసులో చిన్న నిగ్రహం కాదు. ఇంట్లో బంగారం ఉందన్న సంగతి ఊరికి తెలియనక్కర్లేదు.

నాణెం బీరువాలోకి చేరాక మిగిలేది పెద్దల బాధ్యత. పిల్లలు సొంత డబ్బుతో కొన్న నాణేన్ని ఇంటి అవసరానికి వాళ్లకు చెప్పకుండా తాకట్టు పెట్టడం, చెల్లెలి చెవిదుద్దుల్లో కలిపి కరిగించడం మన ఇళ్లలో వింతేమీ కాదు. తల్లిదండ్రులకు ఒక్కటే మనవి: ఎంత అవసరం వచ్చినా ఆ నాణేన్ని ముట్టుకునే ముందు పిల్లలను అడగండి, బదులు తీసుకుంటే ఎప్పుడు తిరిగి ఇస్తారో చెప్పి ఆ తేదీకే ఇవ్వండి.