ఆకురాయి – యంత్రశాల

సికింద్రాబాదులోని లాలాగూడ పేరు వినగానే రైల్వే కర్మాగారం స్ఫురిస్తుంది. నిజాం గ్యారంటీడ్‌ స్టేట్‌ రైల్వే కాలంలో, 1893లో నెలకొన్న ఈ కర్మాగారం నేడు దక్షిణ మధ్య రైల్వే అధీనంలో ఉంది. ఇటువంటి చోట ఫిట్టరు పని నేర్వదలచినవాని చేతికి మొదట అందేది ఆకురాయి. ఇనుపముక్కను బిగించి, చదునయ్యేదాకా అరగదీసి, మూలమట్టంతో సరిచూడాలి. అదే పనిని నిమిషాలలో ముగించే యంత్రాలుండగా ఈ శ్రమ ఎందుకని కుర్రవానికి అనిపించడం సహజం. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకొనే విద్యార్థికీ ఇట్టి సందేహమే కలుగుతుంది.

ప్రోగ్రాము రాయడానికి రెండు విధాల సాధనాలున్నాయి. నోట్‌ప్యాడ్‌ వంటి టెక్స్ట్‌ ఎడిటరు మొదటిది. అక్షరాలను రాసి, దిద్ది, భద్రపరచడమే దాని పని. రెండవది ఇంటిగ్రేటెడ్‌ డెవలప్‌మెంట్‌ ఎన్విరాన్‌మెంట్‌, సంక్షిప్తంగా ఐ.డి.ఇ. ఇందులో ఎడిటరు, కంపైలరు, దోషాన్వేషణకు తోడ్పడే డీబగ్గరు ఒకేచోట అమరి ఉంటాయి. (వ్యాసాలు టైపు చేసే వర్డ్‌ ఈ రెండింటిలోనూ చేరదు. అది కొటేషన్‌ గుర్తులను అందంగా వంపు తిప్పుతుంది. కంపైలరు ఆ అందాన్ని అంగీకరించదు.)

1987లో బోర్లాండ్‌ సంస్థ వెలువరించిన టర్బో సి, దాని తరువాతి రూపమైన టర్బో సి ప్లస్‌ప్లస్‌ మన కళాశాలల ప్రయోగశాలల్లో చిరకాలం నిలిచాయి. నీలిరంగు తెరపై ప్రోగ్రాము రాసి, కంట్రోల్‌, ఎఫ్‌9 మీటలు నొక్కితే ఫలితం కనిపించేది. ప్రతి ప్రోగ్రాము ఆరంభంలోనూ తెరను తుడిచే ఆదేశం రాయడం విద్యార్థులకు ఆచారమైపోయింది. నిజానికి ఆ ఆదేశం సి భాషా ప్రమాణంలో లేదు. ఆ సాధనంతో వచ్చిన సౌకర్యం మాత్రమే. అదే ప్రోగ్రామును లినక్స్‌లో జీసీసీ కంపైలరుకు అప్పగిస్తే దోషం చూపుతుంది. తాను నేర్చినదానిలో భాష ఎంతో, సాధనం ఎంతో విద్యార్థికి అప్పుడుగాని బోధపడేది కాదు.

ఎడిటరులో రాసేవాడు కంపైలరును స్వయంగా పిలవాలి. సెమికోలను మరచిన దోషం కంపైలరు వద్ద బయటపడుతుంది. ప్రకటించి, పిలిచిన ఫంక్షనుకు నిర్వచనం ఎక్కడా లేకపోతే ఆ లోపం లింకరు వద్ద తేలుతుంది. ఐ.డి.ఇ.లో ఈ రెండు దశలూ ఒక్క మీట వెనుక దాగి ఉంటాయి.

మీరు ఛందస్సు చదివినవారే. ఉత్పలమాల పాదాన్ని భ, ర, న, భ, భ, ర, వ గణాలుగా విడదీసి చూపే సాఫ్ట్‌వేర్‌ నేడు లభిస్తున్నది. వేల పద్యాలను పరిశీలించే పరిశోధకునికి అది వరం. గురులఘువులు గుర్తించడం రానివానికి మాత్రం, పదవ అక్షరం వద్ద యతి తప్పిందని అది చెప్పినా, ఎందుకు తప్పిందో తెలియదు.

అలాగని ఐ.డి.ఇ.ని సోమరుల సాధనమనడం అన్యాయం. వందల ఫైళ్లున్న నిర్మాణంలో ఒక పేరును అన్నిచోట్లా పొరపాటు లేకుండా మార్చడం, ప్రోగ్రామును కోరిన పంక్తి వద్ద నిలిపి చలరాశుల విలువలను చూడడం దానితో సులభం. ఆండ్రాయిడ్‌ యాప్‌ నిర్మించేవాడు నోట్‌ప్యాడ్‌తో కూర్చోవడం పట్టుదల కాదు, కాలహరణం. అయితే పెద్ద ఐ.డి.ఇ.లు అధిక మెమరీని కోరుతాయి. ఎడిటరు పాత కంప్యూటరులోనూ చురుకుగా పనిచేస్తుంది.

తొలి కొన్ని నెలలు ఎడిటరుతో గడిపి, ఫైళ్లు పెరిగి దోషం కంటికి చిక్కని స్థితి వచ్చినప్పుడు ఐ.డి.ఇ.కి మారడం ఉచితమని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్‌ 2015లో విడుదల చేసిన విజువల్‌ స్టూడియో కోడ్‌ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. అది ప్రధానంగా ఎడిటరే. అదనపు భాగాలను చేర్చుకొన్నకొద్దీ ఐ.డి.ఇ. పనులు చేస్తుంది. ఏ భాగమైనా దాని అవసరం తెలిసిన రోజునే చేర్చుకోవచ్చు.