స్థిరవిద్యుత్ హెడ్‌ఫోనులు: మధ్యశ్రేణియా? అగ్రశ్రేణియా?



ఎండిన వెండ్రుకలను దువ్విన ప్లాస్టిక్ దువ్వెన చిన్న కాగితపు ముక్కలను తనవైపునకు లాగుకొనుట మీరెల్లరు చూచినదే. ఆ లాగు శక్తికి కారణము స్థిరవిద్యుత్తు అని పాఠములో చదివితిరి. ఆ శక్తితోనే పాట వినిపించు హెడ్‌ఫోనులు కొన్ని కలవు. వానిని గూర్చి ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణము గలదు.

మా పాఠశాలలో చదువుకొని నేడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న యొక పూర్వవిద్యార్థికి సంగీతమన్న ప్రాణము. ఆతడు అగ్రశ్రేణి స్థిరవిద్యుత్ హెడ్‌ఫోనును, దానికి తగిన ఆంప్లిఫయరును వాయిదాల మీద కొనదలచెను. ధర విని తండ్రిగారు నివ్వెఱపోయి మా యొద్దకు వచ్చిరి. "మాస్టారూ, మావాడు మోసపోతున్నాడా, లేక నాకే తెలియటం లేదా?" అని అడిగిరి. ఆ వస్తువుల వివరణపత్రములు తెలుగున ఉండవు. చదువుకొనని తండ్రి కుమారుని మాటనైనను, అమ్మువాని మాటనైనను నమ్మవలసినదే. మేము తెలుగు బోధించువారము. అయినను ఆ పత్రములను తెప్పించుకొని, మా భౌతికశాస్త్రోపాధ్యాయులతో గూర్చుండి లెక్కలు వేసితిమి. తేలిన విషయములను ఇందు క్రమముగా చెప్పుచున్నాము.

పనిచేయు విధము

సామాన్యమైన హెడ్‌ఫోనులో ఒక అయస్కాంతము, ఒక తీగచుట్ట, దానికి అంటించిన పలుచని పొర యుండును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది కదలి, పొరను కదల్చును. పొర కదలిక గాలిలో ధ్వనియగును.

స్థిరవిద్యుత్ హెడ్‌ఫోనులో తీగచుట్ట లేదు. రంధ్రములు గల రెండు లోహఫలకముల నడుమ మిక్కిలి పలుచని పొర యొకటి బిగింపబడి యుండును. ఆ పొరకు ఎడతెగక అధికవోల్టేజి నిచ్చి విద్యుదావేశము కలిగింతురు. పాట యొక్క సంకేతమును రెండు ఫలకములకును ఒకదానికొకటి వ్యతిరేకముగా నిత్తురు. ఒక ఫలకము పొరను లాగుచుండగా రెండవది నెట్టును. మఱుక్షణమున లాగునది నెట్టును, నెట్టునది లాగును. పొర తేలికయైనది, శక్తి దాని యంతటి మీదను సమముగా పడును. అందుచేత అది సంకేతమును వెంటవెంటనే అనుసరింపగలదు. ఈ హెడ్‌ఫోనుల స్పష్టతకు మూలమిదియే.

ఆ పొర యెంత పలుచనిది? జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ 2015 లో ప్రకటించిన హెచ్‌ఈ 1 అను యంత్రములో పొర మందము 2.4 మైక్రాన్లు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. అట్టి పొరలు ముప్పది పేర్చినచో సుమారొక తలవెండ్రుక మందమగును. ప్రకటించినపుడు ఆ యంత్రము ధర సుమారు 50,000 యూరోలు; అది మన చర్చకు మించినది.

రెండు హెడ్‌ఫోనులు, వాని అంకెలు

జపాను దేశపు స్టాక్స్ సంస్థ 1960 నుండి ఇట్టి హెడ్‌ఫోనులను అమ్ముచున్నది. వానిని ఆ సంస్థవారు 'ఇయర్‌స్పీకర్లు' అందురు. వారి మధ్యశ్రేణిలో ఎస్‌ఆర్-ఎల్700 మార్క్ 2 అమెరికాలో సుమారు 1,500 డాలర్లకు అమ్మబడినది. వారి అగ్రశ్రేణి ఎస్‌ఆర్-ఎక్స్9000 ధర, 2021 లో వెలువడినపుడు, 6,200 డాలర్లు. అనగా నాలుగు రెట్లు. ఆంప్లిఫయరు ఖర్చు వేరు.

వివరణపత్రములలోని అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. మధ్యశ్రేణిది 7 మొదలు 41,000 హెర్ట్జుల వఱకు ధ్వనించును. అగ్రశ్రేణిది 5 మొదలు 42,000 వఱకు. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి వినగలిగినది 20 మొదలు 20,000 వఱకే. వయస్సు పెరిగిన కొలది పైహద్దు తగ్గును. కావున రెండును మన చెవి హద్దులను దాటియే యున్నవి. పొరకిచ్చు వోల్టేజి రెండింటికిని 580. ఈ అంకెలలో నాలుగు రెట్ల ధరకు కారణము కానరాదు.

మఱి ఆ ధనము దేనికి? అగ్రశ్రేణి దాని పొర పెద్దది. ఫలకములు లోహపు జాలితో నాలుగు పొరలుగా కూర్చబడినవి. పనితనము మిక్కిలి శ్రమతో గూడినది. వాద్యముల నడుమ ఎడము, మంద్రస్వరముల పట్టు దీనిలో ఎక్కువగా వినబడునని రెండింటిని చిరకాలము వినినవారు చెప్పుదురు. ఆ భేదము కల్ల కాదు. అయితే 2011 లో వెలువడిన ఎస్‌ఆర్-009 అను నాటి అగ్రశ్రేణి యంత్రము కొఱకు రూపొందించిన బహుపొరల ఫలకముల పద్ధతియే తరువాత మధ్యశ్రేణి ఎల్700 లోనికి దిగివచ్చినది. నిన్నటి శిఖరము నేటి మధ్యమెట్టగుట యంత్రములలో తఱచుగా జరుగునదే.

ఆంప్లిఫయరు లెక్క

ఈ హెడ్‌ఫోనులను ఫోనుకు గాని, సామాన్యమైన ఆంప్లిఫయరుకు గాని తగిలింపరాదు. వందల వోల్టుల నిచ్చు ప్రత్యేకమైన ఆంప్లిఫయరు కావలెను. అగ్రశ్రేణి హెడ్‌ఫోనుకు అన్నింటికన్న గొప్ప ఆంప్లిఫయరు లేనిదే కుదురదని కొందఱందురు. లెక్క వేసి చూతము.

ఎక్స్9000 కు 100 వోల్టుల నిచ్చిన 100 డెసిబెళ్ల ధ్వని కలుగును. వోల్టేజి పదవ వంతైనచో ధ్వని 20 డెసిబెళ్లు తగ్గును. కావున 80 డెసిబెళ్లకు 10 వోల్టులు చాలును. పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెళ్లకు మించి వినరాదనియు, పిల్లలకు అది 75 అనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. సగటు ధ్వని 80 వద్ద నున్నపుడు మృదంగము మీది గట్టి దెబ్బ సగటును 20 డెసిబెళ్లు మించినను, కావలసినది 100 వోల్టులే. అదే సంస్థవారి చిన్న ఆంప్లిఫయరు ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ 280 వోల్టుల వఱకు ఇయ్యగలదు. ఎల్700 కు 100 వోల్టుల నిచ్చిన 101 డెసిబెళ్లు వచ్చును. అనగా దాని యవసరము ఇంకను స్వల్పము.

ఇచట ఒక విశేషము గమనింపవలెను. రెండు ఫలకములును, నడుమ పొరయు కలిసి ఒక కెపాసిటరగును. కావున స్వరము హెచ్చిన కొలది అది ఎక్కువ విద్యుత్ ప్రవాహమును కోరును. 10,000 హెర్ట్జుల వద్ద ఈ హెడ్‌ఫోనుల అవరోధము 145 కిలోఓములు. 1,000 హెర్ట్జుల వద్ద దానికి పది రెట్లు. గట్టిగా వినువారికి, తారస్వరములు మెండుగా గల సంగీతమునకు పెద్ద ఆంప్లిఫయరు కొంత మేలు చేయును. ఇంటిలో మితముగా వినువారికి ఆ మేలు స్వల్పము.

చెవి పరీక్ష

అంకెలు తీర్పు చెప్పలేనిచోట చెవి చెప్పవలెను. అయితే చెవి సులభముగా మోసపోవును. రెండు ధ్వనులలో ఒకటి కొంచెము హెచ్చుగా నున్నచో, హెచ్చైనదే మేలైనదని మనకు తోచును. కావున పోల్చునపుడు ధ్వనిపరిమాణమును కొలిచి సమము చేయవలెను.

రెండు ఆంప్లిఫయరులను పోల్చునపుడు ఏది మ్రోగుచున్నదో వినువానికి తెలియకుండ మిత్రుడొకడు పది పర్యాయములు మార్చవలెను. కేవలము ఊహించువాడు పదింట తొమ్మిదియో పదియో సరిగా చెప్పుట సుమారు నూఱు పరీక్షలలో ఒక్కమారు మాత్రమే సంభవించును. అన్ని సరిగా చెప్పినచో భేదము నిజముగా వినబడినట్లే. హెడ్‌ఫోనులను మాత్రము ఇట్లు దాచుట కష్టము; తలపై పెట్టుకొనగనే బరువును, ఆకృతియు తెలిసిపోవును. అందుచేత వానిని ఎఱిగిన పాటలతో పలుదినములు వినిన పిదపనే నిర్ణయింపవలెను.

ఏ పాటలు? 1957 లో వెలువడిన 'మాయాబజార్' పాటలు ఏకమార్గ ధ్వనిముద్రణములు. నాటి యంత్రము పట్టనిదానిని నేటి ఏ హెడ్‌ఫోనును తెచ్చి పెట్టలేదు. పైగా ముద్రణలోని సన్నని రొదను అగ్రశ్రేణిది మఱింత స్పష్టముగా వినిపించును. తాను నిత్యము వినునవి ఎట్టి ముద్రణములో చూచుకొనవలెను.

వినుచోటు కూడ ముఖ్యము. ఈ రెండు హెడ్‌ఫోనులును వెనుకవైపు తెఱచినవే. బయటి చప్పుడు లోనికిని, లోని పాట బయటికిని పోవును. తిరుగుచున్న పంకా, వీధిలోని వాహనముల రొద, ప్రక్కగదిలోని మాటలు సూక్ష్మమైన ధ్వనులను కప్పివేయును. నాలుగు రెట్ల ధరతో కొనిన సూక్ష్మత పంకా క్రింద నిలువదు. తేమ, దుమ్ము కూడ ఈ యంత్రములకు శత్రువులు. వానకాలమున కప్పి, పొడిచోట ఉంచవలెను. 580 వోల్టుల యంత్రము గనుక దానిని ఇంటివద్ద విప్పరాదు.

మేము చెప్పిన సమాధానము

ఆ తండ్రిగారితో మేమిట్లు చెప్పితిమి: "మీ అబ్బాయి మోసపోవటం లేదు. ఆ వస్తువు మంచిదే. మీరు అడిగిన ప్రశ్న కూడా మంచిదే."

పిదప కుమారునికి మూడు మాటలు వ్రాసి పంపితిమి. మొదటిది: నిశ్శబ్దమైన గది లేనివాడు అగ్రశ్రేణి జోలికి పోనక్కఱ లేదు. రెండవది: అప్పు చేయవలసి వచ్చినచో మధ్యశ్రేణి హెడ్‌ఫోనును, చాలినంత ఆంప్లిఫయరును కొని, మంచి ముద్రణములను సమకూర్చుకొనుట మేలు, పాట యందలి యానందములో అధికభాగము అందే లభించును. మూడవది: చేతిలో ధనముండి, పలుదినములు వినిన పిదప ఆ స్వల్పభేదము తన చెవికి నిజముగా తోచినచో అగ్రశ్రేణిని కొనుటలో తప్పు లేదు. అపుడు ఆతడు ధనమిచ్చునది తన చెవి వినినదానికే గాని, పేరునకు గాదు.

ఆతడు వాయిదాల యాలోచన మానుకొని, సెలవులకు వచ్చినపుడు తండ్రిగారికి ఒక మిత్రుని మధ్యశ్రేణి హెడ్‌ఫోనును తెచ్చి వినిపించెనట. ఆయన చాలసేపు పెట్టుకొని విని, "ఇది చాలదట్రా?" అనిరట. కుమారుడు ఇంకను ఆలోచించుచున్నాడు. అది ఆతని చెవి, ఆతని సంపాదన. తొందరపడకున్నందుకు మాకు సంతోషము.

తల్లిదండ్రులారా! పిల్లలు కోరు వస్తువు మనకు తెలియనిదైనపుడు వలదనుటకన్న, "ఇది ఎట్లు పనిచేయునో నాకు తెలుగులో చెప్పుము" అని యడుగుడు. చెప్పగలిగిన బిడ్డ మోసపోడు.

అభ్యాసము

1. ఎక్స్9000 కు 1 వోల్టు ఇచ్చిన ఎన్ని డెసిబెళ్ల ధ్వని కలుగును?
2. కాంపాక్ట్ డిస్కు క్షణమునకు 44,100 నమూనాలను గ్రహించును. అది పట్టగల అత్యధిక పౌనఃపున్యము అందు సగము. 42,000 హెర్ట్జుల హెడ్‌ఫోను దానితో ఏమి మేలు పొందును?
3. మీ యింట ఇటీవల కొనిన యొక యంత్రము పనిచేయు విధమును పది వాక్యములలో మీ తల్లిగారికి తెలియునట్లు వ్రాయుడు.